పళ్ళెం వరకే క్షమాపణ

రాజకీయాలు వేరు, స్నేహాలు వేరు అని ఎవరైనా నా ఎదుట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నవాళ్ళ మొహం వంక ఒకసారి తేరిపార చూస్తాను. చాలాసార్లు అది ఏమీ పోగొట్టుకోనివాళ్ళ మొహమే అయి ఉంటుంది. పోగొట్టుకున్నవాళ్ళు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పటమటలో మా ఇంటి గేటు దగ్గర తెలిసింది.

మేముండేది ఒక పెంకుటింట్లో. ఒక వాటా మాది, రెండోది నాన్న స్నేహితుడిది. గేటు ఒకటే, బావి ఒకటే, బట్టలారేసుకునే తీగా ఒకటే. నాన్నా ఆయనా గుడివాడ మిషన్ హాస్టల్లో పక్కపక్క చాపల మీద పడుకుని పెరిగినవాళ్ళు. పెద్దయ్యాక ఇద్దరికీ బెజవాడలో కాలువల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగాలొచ్చాయి. నాన్నకంటే ఆయన ఏడాది పెద్ద, అందుకని నాకు పెదనాన్న. అమ్మకు అన్నయ్యగారు. ఆయన భార్య నాకు పెద్దమ్మ, అమ్మకు వదిన. వీళ్ళకీ మాకూ చుట్టరికం ఏమీ లేదని నాకు హైస్కూలుకు వచ్చాక గానీ తెలియలేదు. తెలిశాక కూడా అదొక పనికిరాని వివరంలాగే అనిపించింది.

మా చర్చిలో పాటంటే వీళ్ళిద్దరే. హార్మోనియం పెదనాన్నది, గొంతు నాన్నది. ఇద్దరూ సంఘ పెద్దలు. ఆదివారం ఉదయం హార్మోనియం మధ్యలో పెట్టుకుని ఒకే రిక్షాలో బయల్దేరేవాళ్ళు. మేమంతా వెనక నడిచి వెళ్ళేవాళ్ళం.

రాజకీయాల్లో మాత్రం ఇద్దరికీ పొసగదు. నాన్నది ఎర్రజెండా. పెదనాన్నది ఎప్పుడూ గవర్నమెంటు ఎవరిదైతే వాళ్ళ జెండా. ఎన్నికలొస్తే ఓటు వెయ్యడానికి కూడా అదే రిక్షా.

"మన రెండు ఓట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి గదరా, హాయిగా ఇంట్లో పడుకుంటే పోలా?" అనేవాడు పెదనాన్న.

"నువ్వు పడుకో. నేను వెళ్ళొస్తా" అనేవాడు నాన్న.

ఇద్దరూ వెళ్ళి ఓటేసి, దారిలో టీ తాగి, సిరా గుర్తులు మాకు చూపిస్తూ తిరిగొచ్చేవాళ్ళు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒకసారి ప్రసంగంలో వీళ్ళ గురించే చెప్పారు. సహోదర ప్రేమంటే ఇదీ అన్నారు. మేము ముందు బల్లల మీద కూర్చుని గర్వపడ్డాం. నిజానికి ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచినా మా రెండిళ్ళలో ఎవరికీ ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. ఖర్చు లేని చోట ప్రేమగా ఉండటం పెద్ద కష్టమేం కాదని అప్పట్లో నాకు తోచలేదు.

డెబ్భై రెండులో ఖర్చు మొదలైంది. హైదరాబాదు ఉద్యోగాల్లో అక్కడివాళ్ళకే హక్కు అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని కోర్టు తీర్పు వచ్చేసరికి మా వైపంతా భగ్గుమంది. మా రాష్ట్రం మాకు వేరే కావాలన్నారు. కాలేజీలు మూతపడ్డాయి. నా బి.ఎ. మొదటి ఏడాది అలాగే గంగలో కలిసింది. రైళ్ళు ఆగాయి. బందరు రోడ్డు మీద పొద్దస్తమానం టైర్లు కాలుతుండేవి. ఉతికిన బట్టలకు కూడా ఆ కమురు వాసన పట్టేది. గవర్నమెంటు ఉద్యోగులు సమ్మెలోకి దిగారు. కాలువల ఆఫీసులో సమ్మె నడిపించే కమిటీకి పెద్ద మా పెదనాన్న.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. ఆయన తమ్ముడు హైదరాబాదులో చేతికొచ్చిన ఉద్యోగం ఈ ముల్కీ గొడవలోనే పోగొట్టుకుని వచ్చి, గడ్డం పెంచుకుని, అన్నగారి వరండాలో కూర్చుని ఉండేవాడు. ఆ కుర్రాణ్ణి చూస్తే నాకూ జాలేసేది. కాబట్టి పెదనాన్న సమ్మె చెయ్యడాన్ని నేను ఆనాడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను.

నాన్న సమ్మె చెయ్యలేదు. క్యారియరూ గొడుగూ పట్టుకుని మామూలుగా ఆఫీసుకు వెళ్ళాడు. పెదనాన్న వరండాలో ఆపాడు.

"ఏరా, అంతా ఒక దారైతే నీదొక దారా?"

"తెలుగువాళ్ళందరికీ ఒకటే రాష్ట్రం కావాలని హాస్టల్లో ఉన్నప్పుడే జెండా పట్టుకుని తిరిగానురా. నేను అడిగి తెచ్చుకున్నదాన్ని నేనే వద్దనమంటే ఎట్లా?" అన్నాడు నాన్న.

"అప్పుడు నీకు మీసాలు కూడా రాలేదు."

"మాట మాటే గదా."

చివరికి పెదనాన్నే నాన్న భుజం మీద చెయ్యేసి, గేటు లోపల రాష్ట్రం మాట ఎత్తొద్దు, బయట ఎవరి దారి వాళ్ళది, అన్నాడు. నాన్న సరేనన్నాడు. లోపల్నుంచి వింటున్న అమ్మా పెద్దమ్మా ఊపిరి పీల్చుకున్నారు. ఇద్దరు మర్యాదస్తులు చేసుకున్న ఒప్పందం అది. దాన్ని నాన్న నమ్మాడు.

సమ్మె సాగేకొద్దీ పెదనాన్న ఇంట్లో జీతం లేదు. ఆరుగురు తినాలి. అమ్మ రోజూ ఏదో ఒకటి పంపేది. ఒకరోజు చేపల పులుసు, ఒకరోజు దొండకాయ వేపుడు, చాలాసార్లు ఊరికే అన్నమే ఎక్కువ వండి పంపేది. నేనే పట్టుకెళ్ళేదాన్ని. మా వైపు ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. నాలుగు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బో వేసి పంపుతారు. పెద్దమ్మకు వెయ్యడానికి ఏమీ లేక, ఖాళీవి ఇవ్వడానికి మనసొప్పక, మా గిన్నెలూ పళ్ళాలూ అక్కడే ఉంచేసుకుంది. అమ్మకు అది అర్థమై ఒక్కటీ అడగలేదు. మా వంటింటి గూడు సగం ఖాళీ అయింది.

పనికి వెళ్ళే ఉద్యోగుల మీద ఊళ్ళో కోపం పెరిగింది. వాళ్ళ ఇళ్ళకు ఊరేగింపుగా వెళ్ళి పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ ఇచ్చి రావడం మొదలైంది. మీరు మగవాళ్ళు కాదు, ఇవి తొడుక్కోండి అని దాని అర్థం. గవర్నరుపేటలో ఒకాయనకు ఇచ్చారని, భవానీపురంలో ఒకాయన ఆ అవమానంతో ఊరొదిలి వెళ్ళాడని అనుకునేవాళ్ళు. అమ్మ భయపడుతూనే, మనకేం, అన్నయ్యగారు ఉన్నారు గదా, అనేది.

ఒకరోజు ఉదయం నాన్న చెప్పులేసుకుంటుండగా గేటు ముందు జనం ఆగారు. ముందు ఆడవాళ్ళు, వెనక కుర్రాళ్ళు, చాలావరకు తెలిసిన మొహాలే. ఒకావిడ పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చింది. గాజులు, రవికగుడ్డ, పసుపు, కుంకుమ. మాది బొట్టు పెట్టుకోని ఇల్లని ఆ వీధిలో ఎవరికి తెలియదు?

"తీసుకోండి సార్. తొడుక్కుని మరీ ఆఫీసుకెళ్ళండి" అంది. వెనక నవ్వులు.

నాన్న చేతులు చాచలేదు. నా పక్కన అమ్మ చిన్నగా మూలిగింది. నేను అమ్మ చూస్తున్న వైపు చూశాను. స్టీలు పళ్ళెం అంచున అమ్మ పేరు కొట్టి ఉంది. అంతకు రెండు రోజుల ముందు నేను దొండకాయ వేపుడు పెట్టి ఇచ్చి వచ్చిన పళ్ళెం అది. మొత్తానికి ఖాళీగా రాలేదు.

నాన్న కూడా ఆ పేరు చదివాడు. అప్పుడు రెండు చేతులతో పళ్ళెం అందుకుని వరండా అరుగు మీద పెట్టి, గొడుగు తీసుకుని జనంలోంచి నడిచి వెళ్ళాడు. వెనకనుంచి ఎవరో గాజులు విసిరారు. రోడ్డవతల కిరాణా కొట్టు ముందు పెదనాన్న నిలబడి ఉన్నాడు. నినాదాలివ్వడం లేదు, నవ్వడం లేదు. నాన్న తన ముందు నుంచి వెళ్తుంటే అటు తిరిగి అరటిపళ్ళ గెలను చూస్తున్నాడు. ఆ గెలలో అంత చూడాల్సింది ఏముందో నాకు ఈనాటికీ తెలియదు.

సాయంత్రం పెదనాన్న మామూలుగా పెరటి వైపు నుంచి వచ్చి మా వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు.

"పళ్ళెం మీదని చూసుకోలేదురా. మీ వదిన తొందర్లో ఏది చేతికొస్తే అది ఇచ్చేసింది. పళ్ళెం విషయంలో మాత్రం తప్పయింది" అన్నాడు.

"పళ్ళెం సరే. మిగతాది?" అన్నాడు నాన్న.

"మిగతాది ఉద్యమం. దానికీ మనకీ ఏంటి సంబంధం? అందరి ఇళ్ళకీ పంపి మనింటిని వదిలేస్తే కమిటీలో నన్నేమంటారు? స్నేహితుణ్ణి వెనకేసుకొచ్చాడంటారు. నువ్వు మనసులో పెట్టుకోమాక. రాజకీయాలు వేరు, మనం వేరు."

"నువ్వక్కడ నిలబడ్డావు."

"నిలబడ్డాను. నోరెత్తి ఒక్క మాటన్నానా?"

అమ్మ టీ ఇచ్చింది. పెదనాన్న తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు. అది ఆయన అలవాటు, మా ఇంట్లో పరాయివాడిలా ఉండడు. నాకు ఆ గ్లాసు తీసి గోడకేసి కొట్టాలనిపించింది. ఆయన మనసులో నిజంగానే ఏమీ లేదు, అదే నాకు మరీ కంపరంగా తోచింది. పొద్దున మనిషిని వీధిలో నిలబెట్టి పరువు తీయించి, సాయంత్రం అదే మనిషి ఇంట్లో టీ తాగడానికి ఎంత ప్రశాంతమైన గుండె కావాలి.

నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల. రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షారసం సంఘ పెద్దలు అందరికీ పంచుతారు. సహోదరుడి మీద ఏదైనా ఉంచుకుని బల్లలో చెయ్యి పెట్టకూడదు. ముందు వెళ్ళి సమాధానపడి రావాలి. ఇది మాకు ఉగ్గుపాలతో నేర్పే సంగతి. ఆ నెల చర్చిలో సగం మందికి సగం మందితో మాటల్లేవు. అయ్యగారు పాపం ఎట్లాగైనా కలపాలని, బల్లకు ముందు, మనస్పర్థలున్నవాళ్ళు లేచి ఒకరికొకరు కుడిచేయి ఇచ్చుకోండి అన్నారు.

హార్మోనియం దగ్గర్నుంచి అందరికంటే ముందు లేచింది పెదనాన్నే. నేరుగా వచ్చి నాన్న ముందు నిలబడి చెయ్యి చాపాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అబద్ధపు నీళ్ళు కావు. ఏడవడం ఆయనకు ఎప్పుడూ కష్టం కాదు.

నాన్న లేచి నిలబడ్డాడు గానీ చెయ్యి ఇవ్వలేదు.

"అయ్యగారూ, నా మనసులో ఏమీ లేదని అబద్ధమాడి బల్లలో చెయ్యి పెట్టలేనండీ. నాకు చెయ్యి వద్దు. చేసింది తప్పని ఒక్క మాట చాలు" అన్నాడు.

పెదనాన్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. అందరూ ఆ చేతినే చూశారు. "రాజకీయాల్ని దేవుడి మందిరంలోకి తేకురా" అన్నాడు మెత్తగా. వెనక బల్లల మీద ఎవరో ఆమేన్ అన్నారు.

నాన్న బయటికి నడిచాడు. ఆ రోజు నుంచీ సంఘంలో తప్పు చేసినవాడు నాన్నే అయ్యాడు. చెయ్యి చాపినవాడు ఒకడు, తోసేసినవాడు ఒకడు. జనానికి కనిపించేది అంతే. అంతకుముందు జరిగినదాన్ని రాజకీయాలన్నారు. నాన్న మనసు రాయి చేసుకున్నాడని ఆడవాళ్ళు అమ్మకు చెప్పడానికి ఇంటికి వచ్చేవాళ్ళు. కొంతకాలానికి నాన్నను సంఘ పెద్దల్లోంచి తీసేశారు. పాట పాడటానికి వేరే అతన్ని చూసుకున్నారు. నాన్న ప్రతి ఆదివారం వెళ్ళి ఆఖరి బల్ల మీద కూర్చునేవాడు. ప్రభువు బల్ల వేళకు లేచి బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడేవాడు. మొదటి ఆదివారం ఇంట్లో అన్నం సరిగా తినేవాడు కాదు. దేవుడితో తనకు ఏ తగాదా లేకపోయినా దేవుడి బల్లకు దూరమయ్యాడు. అది ఆయన్ని లోపల్లోపల తినేసిందని కట్టుకున్న అమ్మకు తెలుసు, కన్నబిడ్డనైన నాకు తెలుసు.

రాష్ట్రం విడిపోలేదు. సమ్మె అయిపోయింది. విడిపోవాల్సిందేనని గొంతులు చించుకున్న పెద్దలు మెల్లిగా సర్దుకుని అదే గవర్నమెంటులో పదవుల్లో కూర్చున్నారు. పెదనాన్న ఆఫీసుకు వెళ్ళి నాన్న పక్క టేబిలు దగ్గరే కూర్చున్నాడు. ఆయన తమ్ముడికి కొండపల్లి కరెంటు ప్రాజెక్టులో పని దొరికింది. దాని కోసం రెకమెండేషను అడగడానికి నాన్న తెలిసినవాళ్ళ దగ్గరికి రెండుసార్లు తిరిగాడు. ఇది మాత్రం ఎవరూ ప్రసంగంలో చెప్పలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు చర్చి వాళ్ళు బట్టలూ బియ్యమూ తీసుకుని లారీలో వెళ్ళారు. ఇద్దరూ వెళ్ళారు. మూడు రోజులు శవాల మధ్య కలిసి పనిచేశారు. తిరిగొచ్చే లారీలో పెదనాన్న నాన్నతో, ఇంత చావు చూశాక మన రాజకీయాలెంతరా, అన్నాడట. నాన్న ఇంటికొచ్చి, బావి దగ్గర నీళ్ళు పోసుకుంటూ అమ్మకు చెప్పాడు. "అంత మంది చచ్చిపోయినా వాడికి ఒక్క మాట రాలేదు" అన్నాడు.

మరుసటి ఏడాది నాన్నకు గుండె జబ్బు చేసింది. ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపేశారు. ఏ సంగతీ చెప్పలేమన్నాడు డాక్టరు. మంచం మీద పడుకుని నాన్న నన్ను పిలిచి, అయ్యగార్ని అడిగి బల్ల ఇంటికి తెప్పించమన్నాడు. జబ్బుపడ్డవాళ్ళకు అయ్యగారు ఇంటికి తెచ్చి ఇస్తారు. ఐదేళ్ళకు పైగా నోట పెట్టనిది ఇప్పుడు అడిగాడంటే ఎందుకో నాకు తెలుసు. వెళ్ళి చెప్పాను.

ఆ మధ్యాహ్నం అయ్యగారు వచ్చారు. వెనకనే రొట్టె, గ్లాసులు ఉన్న ట్రే మీద తెల్లగుడ్డ కప్పి పట్టుకుని సంఘ పెద్ద వచ్చాడు. సంఘ పెద్దంటే పెదనాన్నే. రాకుండా ఎట్లా ఉంటాడు, ప్రాణ స్నేహితుడు గదా. ట్రే మంచం పక్కన స్టూలు మీద పెట్టి నాన్న పాదాలు సవరించాడు. అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె తీశారు.

"అయ్యగారూ, ముందు ఒక్క మాట అడగనివ్వండి" అన్నాడు నాన్న. గొంతు నీరసంగా ఉంది గానీ తడబడలేదు. పెదనాన్న వైపు తిరిగాడు. "ఆ రోజు రోడ్డవతల ఎందుకు నిలబడ్డావురా?"

"ఇప్పుడెందుకురా ఆ రాజకీయాలు?"

"నేను రాష్ట్రం సంగతి అడగట్లా. నీ సంగతి అడుగుతున్నా. తప్పు చేశానని ఒక్క మాట అను. ఈ రొట్టె తీసుకుంటాను."

పెదనాన్న కిందికి చూశాడు. అనేస్తాడనుకున్నాను. ఆయన పెదవులు కదలడం కూడా చూశాను. గదిలో ఉన్నది అయ్యగారు, అమ్మ, నేను. ఇంతమంది ముందు అనలేకపోయాడో, అంటే ఇన్నేళ్ళ మంచితనం అంతా ఏమైపోతుందనుకున్నాడో. తలెత్తి అయ్యగారితో అన్నాడు.

"జ్వరం తలకెక్కినట్టుందండీ. ఏం మాట్లాడుతున్నాడో వాడికే తెలియట్లా. ఇంకోసారి వద్దాం."

అయ్యగారికి ఆ మాట వినడం హాయిగా ఉన్నట్టుంది. నాన్న నుదురు ముట్టుకుని చూడను కూడా లేదు. రొట్టె ట్రేలో పెట్టేసి, విశ్రాంతి తీసుకోండి, మళ్ళీ వస్తాను, అన్నారు. పెదనాన్న ట్రే మీద గుడ్డ కప్పాడు. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ ఎప్పుడూ పెదనాన్నకు ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు వాళ్ళ వెనకే వరండాలోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. అయ్యగారు ముందు నడుస్తున్నారు.

"అన్నయ్యగారూ, ఆయనకి జ్వరం లేదండీ" అంది అమ్మ.

పెదనాన్న ఆగాడు. అయ్యగారు గేటు దాటేదాకా ఆగి, అమ్మ వైపు చూడకుండా చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"నాకు తెలుసమ్మా."